ఒడిబియ్యానికి బకెట్ గుర్తు

ఒడిబియ్యం రేపనగా లక్ష్మీరాజం చేసుకున్న ఏర్పాటు చాలా సులువైనది. తాను జగిత్యాల వెళ్లి స్టీలు బకెట్లు తేవాలి. భార్య శాంత కుంకుమ భరిణె పట్టుకుని వాడంతా తిరిగి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలవాలి. సాయంత్రానికి కూతురు శ్రీలత, అల్లుడు సురేందర్ సిరిసిల్ల నుంచి వస్తారు. తెల్లవారి ముత్తైదువలు ఒడి నింపుతారు, భోజనాలవుతాయి, వెళ్లేవాళ్ల చేతికి తలా ఒక బకెట్ ఇస్తారు. ఇందులో చెడిపోవడానికి ఏముంది?

పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు కొంగులో పోసి పంపడం ఆ ఇంట్లో తాతల నాటి నుంచి ఉన్నదే. పోసేది ఐదుగురు ముత్తైదువలు. పోయవలసింది పెళ్లయ్యాక బేసి ఏట. శ్రీలత ఒడిబియ్యం ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, ఒకసారి మైల వచ్చి, ఇంకోసారి అల్లుడి మగ్గాలకు పెద్ద పని వచ్చి. రేపు తప్పితే ఈ ఏడు మంచిరోజు లేదని అయ్యగారు పంచాంగం మూసేశాడు. వచ్చేది సరి ఏడు. శ్రీలత నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ, నిరుడు తన తోటికోడలికి జరిగిన ఒడిబియ్యం ఫొటోలన్నీ తల్లికి పంపింది. తల్లి వాటిని తండ్రికి చూపించింది. తండ్రికి అర్థమైంది.

"ఇగో, బకెట్ల మీద పేరు కొట్టియ్యి. 'శ్రీలత ఒడిబియ్యం' అని," అంది శాంత, ఆయన చెప్పులు వేసుకుంటుండగా.

"పేరెందుకే? పేర్లు కొట్టేటాయన రెండు దినాలు ఆగుమంటడు. తీసుకున్నోళ్లకు మనసుల యాదికుంటే సాలదా?"

"మనసుల ఎవలకు యాదికుంటది? బకెట్ మీద ఉంటే రోజు నీళ్లు వట్టినప్పుడల్ల కండ్లవడ్తది."

"పేరు లేకుంటె నీళ్లు కారిపోతయా ఏంది," అని లక్ష్మీరాజం నవ్వుతూ బస్సెక్కాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదే ఆఖరు.

లక్ష్మీరాజానికి కోరుట్లలో తువాలలు, లుంగీలు అమ్మే చిన్న కొట్టు ఉంది. వేములవాడ రాజన్న పటానికి దండం పెట్టనిదే షట్టరు ఎత్తడు. ఏ పార్టీ జోలికీ పోడు. అన్ని పార్టీలవాళ్లూ ఒళ్లు తుడుచుకుంటారు కాబట్టి కొట్టు మీద ఏ జెండా కట్టకూడదని ఆయన నియమం. అసెంబ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు ఆ నియమాన్ని ఇంకొంచెం గట్టిగా పాటిస్తాడు.

ఈసారి ఎన్నికల్లో ఊరినంతా పట్టుకున్న కొత్త సంగతి ఒకటుంది. 'రవన్న కారం' రవీందర్ స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. ఒకప్పుడు ఇక్కడే మిరపకాయలు పట్టే గిర్ని నడిపిన మనిషి. ఇప్పుడు ఆయన కారం, పసుపు, మసాలా లేని వంటిల్లు లేదు. ప్రతి పొట్లం మీదా ఆయన నవ్వే. టీవీ ప్రకటనల్లో సినిమావాళ్లను పెట్టకుండా తానే గరిటె ఎత్తి నిలబడి, "మీ కూరలో నేనున్నా!" అంటాడు. ఎన్నికల కోసం దాన్నే కొంచెం పొడిగించి, 'మీ కూరలో ఉన్నా, మీ కష్టంలో ఉంటా' అని గోడల నిండా రాయించాడు.

శాంత తమ్ముడు జలపతి అధికార పార్టీకి పట్టణ నాయకుడు. పక్కింటి శంకరయ్య ప్రతిపక్షం మనిషి. ఆ ఇద్దరూ ఏ విషయంలోనూ కలిసిన పాపాన పోలేదు, రవన్న విషయంలో తప్ప. "కారం అమ్ముకునేటోనికి అసెంబ్లీల ఏం పని?" అనేవాడు జలపతి. జలపతి రోడ్ల కాంట్రాక్టరు. "పైసలున్నోళ్లంత లీడర్లయితె పేదోని గతేంది?" అనేవాడు శంకరయ్య. శంకరయ్యకు రైసుమిల్లు ఉంది. వ్యాపారం చేసేవాడు రాజకీయాల్లోకి రాకూడదంటే మరి ఇప్పుడున్నవాళ్లు ఏం చేస్తున్నారని లక్ష్మీరాజానికి ఒక చిన్న సందేహం ఉండేది. అడిగేవాడు కాదు. తువాలలు మడతపెట్టుకునేవాడు.

ఆయన జగిత్యాలలో బకెట్లన్నీ ట్రాలీ ఆటోకు ఎక్కించుకుంటున్న వేళకే, ఇక్కడ కోరుట్లలో స్వతంత్రులకు గుర్తులు ఇచ్చారు. రవన్న మిక్సీ అడిగాడు. మిక్సీ మరొకరికి పోయింది. ఆయనకు బకెట్ వచ్చింది.

ఆ కబురు క్షణాల్లో నియోజకవర్గమంతా తిరిగింది. తెలియకుండా మిగిలిపోయిన మనిషి ఒక్కడే. ఆయన ఫోన్లో మాటలు తప్ప బొమ్మలు రావు. ఆయన ఆటో డ్రైవరు పక్కన కూర్చుని, వెనక బకెట్ల గుట్టతో, మేడిపల్లి మీదుగా వస్తున్నాడు.

మేడిపల్లి దాటగానే ఎదురుగా రవన్న ర్యాలీ వచ్చింది. ముందు మోటారు సైకిళ్లు, వెనక డీజే బండి. ముందు బండి మీదున్న మనిషి ఆటోను చూసి బ్రేకు వేశాడు.

"అరే, బకెట్లు! బకెట్లు అచ్చినయిరో!"

ఆ కేకతో ర్యాలీ అంతా ఆగింది. కొందరు ఈలలు వేశారు, కొందరు ఆటో చుట్టూ తిరిగి ఆడారు. "జై రవన్న!" అని అరిచారు. ఎవరు ఎదురై పలకరించినా రెండు చేతులూ జోడించడం లక్ష్మీరాజానికి చిన్నప్పటి అలవాటు. జోడించాడు. వాళ్లు మరింత గట్టిగా అరిచారు. ఆయన మరోసారి జోడించాడు. ఇక ఆ మోటారు సైకిళ్లన్నీ వెనక్కి తిరిగి, పెళ్లి బరాత్‌లాగా ఆటో వెంట కోరుట్ల దాకా వచ్చాయి.

"ఏందిర గీ లొల్లి?" అని ఆయన డ్రైవరును అడిగాడు.

"ఎలక్షన్లు గద సేటూ. తాగి ఉంటరు," అన్నాడు డ్రైవరు.

ఊరి మొదట్లో ఆటో నెమ్మదించగానే ఒక ఆడమనిషి ముందుకొచ్చి, "అన్నా, మాకేది బకెటు?" అంది. శాంత బొట్టు పెట్టి పిలిచిన వాళ్లలో ఈమె ఒకరని లక్ష్మీరాజం అనుకున్నాడు. శుభకార్యానికి వచ్చేవాళ్లను ముఖం చిట్లించి పంపకూడదు కదా.

"తొందరెందుకక్కా? రేపు పొద్దుగాల మా ఇంటికి రాండ్రి. అందరికిస్త," అన్నాడు నిండు మనసుతో.

చుట్టూ అన్ని ఫోన్లు ఎందుకు పైకి లేచాయో ఆయనకు అప్పుడు అర్థం కాలేదు.

ఇంటి ముందు జలపతి అటూ ఇటూ తిరుగుతున్నాడు. తెల్ల చొక్కా, మెడలో అధికార పార్టీ కండువా, చేతికొక ఫోను.

"ఎంతకు అమ్ముడువోయినవ్ బావా?"

"అమ్ముడేంది జలపతీ, కొనుక్కొచ్చిన. గట్టి స్టీలు. సూడు."

"పరాచికాలొద్దు!" అంటూ జలపతి ఫోను ఆయన ముఖానికి పెట్టాడు. ఆ చిన్న తెర మీద లక్ష్మీరాజం తనను తాను చూసుకున్నాడు. చుట్టూ జెండాలు, వెనక బకెట్ల గుట్ట, మధ్యలో చేతులు జోడిస్తున్న తాను. 'రేపు పొద్దుగాల మా ఇంటికి రాండ్రి, అందరికిస్త' అన్న మాట మూడుసార్లు వినిపించేలా ఎవరో అతికించారు. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి: కోరుట్లలో బకెట్ల ప్రభంజనం.

"రవన్న గుర్తు బకెటు. ఇయ్యాలనే అచ్చింది. పూట తిరగకముందే నువ్వు బండెడు బకెట్లు దించినవ్. పార్టీ ఆఫీసుల నన్ను నిలవెట్టి అడుగుతుండ్రు, సొంత బావను ఆపలేనోడివి ఊరినేం ఆపుతవని!"

"అయ్యో, నాకు గా గుర్తు సంగతే ఎర్కలేదు. ఇవి శ్రీలత ఒడిబియ్యానికి తెచ్చిన. నీ మేనకోడలు ఒడిబియ్యానికి! నీకు మొన్ననే చెప్పిన గద?"

"గదే నేననేది. ఒడిబియ్యమని పేరు వెట్టి పంచుడు. గా కారపోని తెలివి గిట్లనే ఉంటది. మరి బిడ్డ పేరేది? ఒక్క బకెట్ మీదన్న పేరున్నదా?"

అప్పుడే భరిణెతో తిరిగి వచ్చిన శాంత ఆ మాట విని ఆగిపోయింది. తమ్ముడి వంక చూడలేదు. మొగుడి వంక చూసింది. ఆ చూపు తప్పించుకుని లక్ష్మీరాజం ఆటో డ్రైవరుకు బకెట్లు దించడంలో సాయం చేశాడు.

"తమ్మీ, లోపటికి రా, చాయ తాగు," అంది శాంత.

"తాగ. రేపు నా ఇంటి నుంచి ఎవ్వలు రారక్కా. రాధిక గూడ రాదు."

మేనమామ భార్య లేకుండా ఒడిబియ్యమా అంటూ శాంత గేటు దాకా వెంటపడింది. జలపతి బండి తీసుకుని వెళ్లిపోయాడు.

అతడి బండి పొగ పోకముందే గోడ మీద శంకరయ్య తల కనిపించింది.

"లక్ష్మీరాజం! ఇన్నేండ్ల సంది పక్కపక్కన ఉంటున్నం. ఒక్క మాట చెప్పద్దా?"

"ఏం మాటన్నా?"

"నువ్వు ఎన్నడన్న మీ బామ్మర్ది పార్టీల కలుస్తవని నాకు గుబులుండె. గిట్ల కారంపొడి పార్టీల కలుస్తవనుకోలే."

"నేను ఏ పార్టీల కలవలే. ఇవి ఒడిబియ్యానికన్నా."

"మీ బామ్మర్దే నిన్ను రవన్న దిక్కు తోలిండని మావోళ్లంటుండ్రు. మా ఓట్లు చీల్చతందుకు."

"మా బామ్మర్ది నన్ను తిట్టి ఇప్పుడే పోయిండన్నా!"

"తిట్టకుంటె అనుమానం రాదా మల్ల?" అన్నాడు శంకరయ్య. "మా వెంకటవ్వ రేపు రాదు. ఏమనుకోకు."

తిట్టినా అనుమానమే, తిట్టకపోయినా అనుమానమే అయితే మనిషి ఏం చేసి బతకాలి? లక్ష్మీరాజం దేవుడి గదిలోకి వెళ్లి రాజన్న పటం ముందు కాసేపు నిలబడ్డాడు. ఇక ఏమీ కాకుండా చూడు తండ్రీ అని దండం పెట్టుకున్నాడు. బయట కారు ఆగిన చప్పుడైంది.

శ్రీలత, సురేందర్ దిగారు. సురేందర్ డిక్కీ తెరిచి పెద్ద పెద్ద మూటలు దించి అరుగు మీద పెట్టాడు.

"ఏంది అల్లుడా, గివి?"

"కండువలు మామా. మన మగ్గాల మీదయే."

ఎన్నికల రోజుల్లో సిరిసిల్ల మగ్గానికి పార్టీ ఉండదు. ఏ రంగు నూలు ఎక్కిస్తే ఆ రంగు కండువా దిగుతుంది. సురేందర్ మూడు పార్టీలకూ నేయించాడు. ఎలాగూ కోరుట్ల వస్తున్నాను కదా అని మూడింటివీ కార్లో వేసుకొచ్చాడు.

"రెండు పార్టీలోళ్లయి తొవ్వలనే ఇచ్చిన. రవన్నయే మిగిలినయి," అన్నాడు.

లక్ష్మీరాజం అరుగు మీద కూలబడ్డాడు.

"వాటిని కారుల ఎయ్యి అల్లుడా. ముందుగాల కారుల ఎయ్యి."

"ఎందుకు మామా, ఆళ్లు ఇక్కడికే వచ్చి తీసుకపోతరు. గీ ఇల్లే చెప్పిన."

వాళ్లు వచ్చారు. వాళ్లతో పాటు రవన్న కూడా వచ్చాడు. ముందు కెమెరాలు, వెనక కార్లు, నడుమ పొట్లం మీదున్న అదే నవ్వు. వస్తూనే లక్ష్మీరాజాన్ని కావలించుకున్నాడు.

"అన్నా! నాకు గుర్తు అచ్చి పూట గాలే. నేను అడగకముందే బకెట్లు పట్టుకొని రోడ్డెక్కినవ్. గిసొంటి అభిమానిని నా జిందగీల సూడలే."

"రవీందర్ సాబ్, నేను అభిమానిని గాదు. ఇవి మా బిడ్డ ఒడిబియ్యానికి..."

"సూసిండ్రా, ఎంత అణకువనో!" అన్నాడు రవన్న కెమెరాల వైపు తిరిగి. అరుగు మీది మూట విప్పి కండువా తీసి లక్ష్మీరాజం మెడలో వేశాడు. మెడలో కండువా పడిందంటే పార్టీలో చేరినట్టేనని ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. లక్ష్మీరాజం దాన్ని తీయబోయాడు. రవన్న ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. ఫొటోలో అది విజయోత్సాహంలాగే వచ్చింది.

లోపల శాంత పెద్ద తాంబాళంలో బియ్యానికి పసుపు పట్టిస్తోంది. పక్కనే ఖాళీ అయిన రవన్న పసుపు పొట్లం. రవన్న దాన్ని ఎత్తి చూపించాడు. "సూడుండ్రి! ఒడిబియ్యంల గూడ నేనున్న!" అన్నాడు. పోతూ పోతూ, "రేపు నేనే అస్త. చెల్లెకు అన్న లెక్క చీర వెడ్త," అని మాటిచ్చాడు.

కార్లు వెళ్లిపోయాయి. శ్రీలత గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"బాపూ, పోనీ ఎలక్షన్లయినంక వెట్టుకుందమా?"

"అయినంక రోజు లేదు బిడ్డా."

"మరి పోసేటోళ్లన్న ఉన్నరా?"

లక్ష్మీరాజం జవాబు చెప్పేలోపు వాకిట్లో జీపు ఆగింది. ఎన్నికల తనిఖీ అధికారి వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు ఉన్న ఆ మేడం వెంట వీడియో తీసే మనిషి, ఇద్దరు పోలీసులు. గదిలో దించిన బకెట్ల గుట్ట చూసిందామె. అరుగు మీది కండువాలు చూసింది. వంటింట్లో రవన్న నవ్వుతున్న పసుపు పొట్లాలు చూసింది. చివరకు లక్ష్మీరాజం మెడ చూసింది. కండువా తీయడం ఆయన మరిచిపోయాడు.

"ఇంకేమైనా దాచారా?" అంది.

"దాచుడేంది మేడం, అన్ని కనవడుతనే ఉన్నయి గద. గిది ఒడిబియ్యం. గా పసుపు మీ ఇంట్ల గూడ ఉంటది."

"మా ఇంట్లో ఏముందో తర్వాత. శుభకార్యం అంటున్నారు. కార్డు చూపించండి."

"కార్డెక్కడిది? ఒడిబియ్యానికి బొట్టు పెట్టి పిలుస్తం."

"కార్డు లేదు. బకెట్ల మీద పేరు లేదు. మరి పిలిచినట్టు రుజువేంటండీ?"

"రుజువా? వాడల ఆడోళ్ల నొసలు సూడుండ్రి మేడం. మా ఆమె పొద్దటి సంది పెట్టిన బొట్లు ఆడనే ఉంటయి."

మేడం పెన్నుకు మూత పెట్టింది. "బొట్టు లేని నొసలు ఏదండీ ఈ ఊళ్లో? వాటిని నేను సీలు వేసి తీసుకుపోలేను కదా," అంది. బకెట్లన్నీ జీపులోనూ, వెనక వచ్చిన వ్యానులోనూ ఎక్కించారు. కండువాలు కూడా పోయాయి. పంచనామా మీద లక్ష్మీరాజం సంతకం పెడుతుంటే మేడం గొంతు కొంచెం తగ్గించింది. "రేపు నేనే వచ్చి చూస్తాను. నిజంగా ఒడిబియ్యమే జరుగుతుంటే విడిపిస్తా. జరగకపోతే కేసు."

ఇప్పుడు ఒడిబియ్యం జరగకపోతే కూతురి ఒడి ఖాళీగా ఉండడమే కాదు, తండ్రి మీద కేసు కూడా. శాంత గిన్నెలు సర్దుతూ ఒక్కటే అంది.

"పేరు కొట్టియ్యమన్న."

తెల్లవారింది. వాకిట్లో షామియానా కింద కుర్చీలు వరుసగా ఉన్నాయి. వాటి మీద కూర్చున్నవాడు సురేందర్ ఒక్కడే, అదీ కుర్చీలు బావున్నాయో లేవో చూడడానికి. వీధిలో మగవాళ్లు ఎవరి గేటు దగ్గర వాళ్లు నిలబడి, పక్కవాడి ఇంటి నుంచి ఎవరైనా కదులుతున్నారా అని చూస్తున్నారు. అధికార పార్టీవాళ్లు ప్రతిపక్షాన్ని, ప్రతిపక్షంవాళ్లు అధికార పార్టీని. ఆడబిడ్డ ఒడి నింపడానికి ఇంత కాపలా ఎందుకు, దేవుడి గదిలోనూ జెండా వెతుకుతారా అనుకుంటూ లక్ష్మీరాజం ఖాళీ కుర్చీలు లెక్కపెట్టాడు. శ్రీలత కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. ముఖంలో కళ లేదు.

అంతలో పెరటి తలుపు చప్పుడైంది. వెంకటవ్వ. కొంగు నడుముకు దోపుకుని, నాలుగు కుడుకలు చేతిలో పట్టుకుని వచ్చింది.

"అక్కా! మరి అన్న వద్దన్నడు గద?" అంది శాంత.

"ఆయన ఓటు ఆయనది, నా బొట్టు నాది. నొసటికి బొట్టు వెట్టి పిలిచినంక రాకుంటె గా బొట్టుకు ఇజ్జతేముంటది? ఆయన ముంగట గేటు కాస్తుండు. ఎనుక తలుపు యాదికి లేదు పాపం."

వెంకటవ్వ కూర్చునేలోపు అదే తలుపులోంచి జలపతి భార్య రాధిక తల వంచుకుని లోపలికొచ్చింది. "గుడికి పోతున్నని చెప్పి అచ్చిన వదినా," అంది. "అబద్ధం గాదు. ఆడివిల్ల ఒడి నింపేకాడ గుడి లేదా?"

శాంత కళ్లు తుడుచుకుంది. తాను, వెంకటవ్వ, రాధిక. పొయ్యి దగ్గర బగార అన్నం దించుతున్న వంటామె అంజవ్వను చెయ్యి కడిగించి పిలుచుకొచ్చింది. నలుగురయ్యారు. ఐదో మనిషి లేదు. అయ్యగారు గడియారం చూసుకున్నాడు. శాంత పెరటి తలుపు వంక చూసింది. ఎవరూ రాలేదు.

"మంచి గడియ పోతున్నదమ్మా," అన్నాడు అయ్యగారు.

ముందు వాకిట్లో జీపు ఆగింది. తనిఖీ మేడం లోపలికి వచ్చింది, వెనక వీడియో మనిషి కెమెరా ఎత్తి పట్టుకుని. పీట మీద శ్రీలత, తాంబాళంలో పసుపు బియ్యం, చుట్టూ నలుగురు ఆడవాళ్లు. మేడం చూసింది. ఏదో రాసుకోబోయింది. ఆమె పెన్ను తీసేలోపే శాంత, ఆ మెడలో గుర్తింపు కార్డు పక్కనే ఉన్న పుస్తెలతాడు చూసి, వెళ్లి ఆమె నుదుటి మీద బొట్టు పెట్టేసింది.

"అమ్మా, ఏంటిది? నేను డ్యూటీలో ఉన్నాను."

"నువ్వు డ్యూటీల ఉంటె నీ ముత్తైదువతనం సెలవుల ఉంటదా బిడ్డా?" అంది వెంకటవ్వ. "నిన్న రుజువు రుజువంటివట. ఇగ నీ నొసల్నే ఉన్నది. చెప్పులిడిచి రా."

మేడం వీడియో మనిషి వంక చూసింది. అతడు ఆపాలా వద్దా అన్నట్టు చూశాడు. "ఆపకండి. ఇది రికార్డులో ఉండాలి," అని ఆమె చెప్పులు విప్పింది. దోసిలి నిండా బియ్యం తీసుకుంది. మొదటి దోసిలి రాధిక, తర్వాత వెంకటవ్వ, శాంత, అంజవ్వ, చివర మేడం. శ్రీలత కొంగు బరువెక్కింది. ఇంట్లోవాళ్లు హడావిడిలో ఫొటోగ్రాఫర్‌ను పిలవడం మరిచిపోయారు. ఆ లోటు సర్కారే తీర్చింది. లక్ష్మీరాజం గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి వదిలేలోపే వీధిలో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఆ వెంటనే టపాసులు పేలాయి. జలపతి పరుగున లోపలికొచ్చి బావను ఎత్తినంత పని చేశాడు.

"బావా! నువ్వు మామూలోడివి గాదే! నీకు ముందే ఎర్క, గంతేనా?"

"ఏందిర జలపతీ?"

"రవన్న మన పార్టీల కలిసిండు! పొద్దుగాల హైదరాబాదుల మన కండువ కప్పుకున్నడు. పోటీల నుంచి తప్పుకున్న, ఓట్లన్ని అధికార పార్టీకే ఎయ్యిమని టీవీల చెప్తుండు. గసొంటి వ్యాపారం తెలిసినోడే రావాలె బావా రాజకీయాలల్లకు! ఊరు బాగువడ్తది." అప్పుడు అతడి చూపు పీట దగ్గరున్న భార్య మీద పడింది. "అరే, నువ్వు గుడికి పోతనంటివి?"

"అచ్చిన గద," అంది రాధిక.

వీధిలో కాపలా ఎత్తేశారు. అధికార పార్టీ ఇళ్ల ఆడవాళ్లంతా ముందు గేటులోంచే వచ్చారు. షామియానా నిండింది. మేడం కాగితం మీద సంతకం చేసి, "ఇది ఇంటి శుభకార్యమే. నేనే సాక్షిని," అంది. వ్యాను వెనక్కి వచ్చింది. బకెట్లు దించడం మొదలుపెట్టారు. లక్ష్మీరాజం రాజన్నకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"ఆపుండ్రి! ఆపుండ్రి!" జలపతి వ్యానుకు అడ్డం పడ్డాడు. "బావా, బకెట్లు పంచద్దు!"

"ఎందుకు పంచద్దు? నిన్న రవన్నది అంటివి. ఇయ్యాల రవన్న నీవోడే అంటివి."

"నీకర్థమైతలేదు. ఆయన తప్పుకున్నడు గని, గడువు దాటింది. గుర్తు మిషన్ మీద అట్లనే ఉంటది. ఇంటింటికి బకెట్ పోతె జనం యాదికి తెచ్చుకొని దానికే గుద్దుతరు. మన ఓట్లే చీలుతయి! ప్లాస్టిక్ తొట్లు నేను తెప్పిస్త, అవి పంచు."

గోడ అవతల నుంచి ఈ మాట విన్న శంకరయ్య, ఆ వయసులో గోడ దూకాడు.

"ఎందుకు పంచద్దు? ఎట్ల పంచద్దు? ఆడివిల్ల ఒడి నింపతందుకు అచ్చినోళ్లను ఒట్టి చేతులతోని తోలుతరా? ఆచారం ఉండద్దా? లక్ష్మీరాజం, నువ్వు పంచు! నేను మోస్త!" అంటూ రెండు చేతులా రెండు బకెట్లు ఎత్తుకున్నాడు. "మా వెంకటవ్వ ఏది? పిలువుండ్రి, వచ్చి ఒడి నింపి పోతది!"

"ఒడి నింపి, అన్నం తిని, చెయ్యి గూడ కడుక్కున్న," అంది వెంకటవ్వ వెనక నుంచి.

శంకరయ్య ఇటు లాగాడు. జలపతి అటు లాగాడు. నడుమ ఒక బకెట్ సొట్టపోయింది. లక్ష్మీరాజం ఆ ఇద్దరి మధ్యకు దూరాడు.

"ఓ జలపతీ! ఓ అన్నా! నిన్న ఇద్దరు గలిసి గీ బకెట్ల వంక సూసుడే పాపమంటిరి. ఇయ్యాల ఒగలు ఇయ్యద్దంటరు, ఒగలు ఇయ్యాల్సిందేనంటరు. బకెట్ అదే, నేను అదే, నా బిడ్డ అదే. మారింది ఎవలు? ఇడువుండ్రి! అన్నం తినేదుంటె కూసోండ్రి, లేకుంటె పోండ్రి!"

ఆయన అంత గట్టిగా మాట్లాడడం ఆ వాడలో ఎవరూ వినలేదు. ఇద్దరూ బకెట్ వదిలేశారు. అన్నం బాగుంది కాబట్టి ఇద్దరూ కూర్చున్నారు కూడా, ఒకరి వీపు ఒకరికి పెట్టి. శంకరయ్య అరుపులు విని ప్రతిపక్షం ఇళ్ల ఆడవాళ్లూ అప్పటికే వచ్చేశారు. శాంత ఎవరినీ అడగలేదు. వచ్చిన ప్రతి ఆడమనిషికీ బొట్టు పెట్టి చేతికి బకెట్ ఇచ్చింది. మేడం మాత్రం తీసుకోలేదు. పసుపంటిన చేతులు కడుక్కుని జీపెక్కింది.

మధ్యాహ్నానికి శ్రీలత నిండిన ఒడితో సిరిసిల్ల కారెక్కింది. ఎక్కబోయే ముందు తండ్రి చెయ్యి పట్టుకుని, "మంచిగనే అయింది బాపూ," అంది. లక్ష్మీరాజం తల ఊపాడు. నోరు తెరిస్తే దాన్ని కూడా ఎవరైనా వీడియో తీస్తారేమోనని ఏమీ అనలేదు.

పోలింగు అయ్యేదాకా ఆ వాడలో అధికార పార్టీ ఇళ్లలో బకెట్లు అటక మీద దాక్కున్నాయి, ప్రతిపక్షం ఇళ్లలో గేట్లకు వేలాడాయి, నీళ్లు మాత్రం అందరూ బిందెలతోనే పట్టుకున్నారు.